చిన్నాయన, ఊద, మూడు పాలికలు

మా చిన్నాయన వరదరాజులుకు తప్పు ఒప్పుకోవడం రాదు. ఈ మాట ఆయన ముఖం మీదే చాలాసార్లు అన్నాను కాబట్టి ఇక్కడ రాయడానికి మొహమాటం లేదు. యాభై నాలుగేళ్ళ జీవితంలో ఆయన ఒకే ఒక్కసారి తప్పు ఒప్పుకున్నాడు. అదీ మోకాలి లోతు బురదలో, చేతిలో గడ్డి పట్టుకొని, పదకొండుమంది ఆడవాళ్ళు వింటుండగా.

పుదుచ్చేరిలో పెద్ద మార్కెట్టుకు దగ్గరగా ఆయనకు విత్తనాలు, ఎరువులు, మందుల అంగడి ఉంది. ఇల్లు నెల్లితోపులో. విల్లియనూరు దాటాక మా నాయనమ్మ ఇచ్చిపోయిన మూడు కాణుల వరి చేను, అంటే సుమారు నాలుగెకరాలు. మావాళ్ళు ఈ ఊరికొచ్చి ఎన్ని తరాలైందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, డబ్బాల మీద ఇంగ్లీషు. చిన్నాయన మూడింటినీ ఒకే గొంతుతో, వీధి చివరిదాకా వినబడేట్టు మాట్లాడతాడు. చొక్కా జేబులో ఎప్పుడూ మూడు ఇంకు పెన్నులుంటాయి. ఒక్కటీ రాయదు. "రాయకపోతే ఏంది, అంగడోడి జేబు బోసిగా ఉండకూడదు" అంటాడు.

కలుపు మందు ఆయన అంగడికి డెబ్బై ఏడులో వచ్చింది. నాట్లేసిన నాలుగో రోజు ఇసకలో కలిపి చల్లితే చాలు, కలుపు మొలకే తలెత్తదని డబ్బాతో వచ్చిన కాగితంలో ఉంది. ఎవరూ నమ్మలేదు. చిన్నాయన ముందు తన చేలోనే చల్లాడు. ఇరవై రోజులకు ఆ చేను పిన్నమ్మ జయలక్ష్మమ్మ కడిగిన వంటిల్లులా ఉంది. వరి తప్ప ఒక్క పోచ లేదు. విల్లియనూరు రైతులు గట్టు మీద వరుసగా నిలబడి చూసిపోయారు. ఆ వారంలో అంగట్లో డబ్బా మిగల్లేదు.

అంతవరకు ఆ చేలో కలుపు తీసింది చిన్నమ్మాళ్ జట్టు. పదహారుమంది ఆడవాళ్ళు. చిన్నమ్మాళ్‌ది మురుంగపాక్కం. వాళ్ళింట్లోనూ తెలుగే, ముత్తాతల నాటిది. చిన్నాయన ఆ పదహారుమందినీ అంగడికి పిలిపించి, తలా ఒక తాంబూలం, ఒక అరటిపండు చేతిలో పెట్టి, "ఇంక మీ నడుములకు సెలవు. హాయిగా ఇంట్లో కూచోండి" అన్నాడు. ఆయన నిజంగానే మంచి వార్త చెప్పాననుకున్నాడు. అదీ మా చిన్నాయన. చిన్నమ్మాళ్ అక్కడే నిలబడి పండు తిని, తొక్క బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మూడేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో ఏడు చేలో అక్కడక్కడ నాలుగు దుబ్బులు ఊద కనిపించింది. ఊద అంటే వరి పొలంలో వరిలాగే పెరిగే గడ్డి. పసితనంలో రెండింటికీ తేడా తెలియదు. వరికంటే ముందు వెన్ను తీసి, గింజ రాల్చి, పని ముగించుకుంటుంది. మా వైపు తమిళంలో దాన్ని వరికి సవతి అంటారు. నాలుగు దుబ్బులే కదా అని చిన్నాయన కోతకు ముందు వాటిని కోయించి, మోపుకట్టి, మోపెడ్ వెనక పెట్టుకొని నెల్లితోపుకు తెచ్చి, పెరట్లో ఉన్న లచ్చిమికి వేశాడు. లచ్చిమి ఆవు. దానికి ఊద అంటే పండగ. మరుసటేడు మోపు పెద్దదైంది. ఆ పై ఏడు రెండు మోపులు. లచ్చిమి పాలు బాగా ఇస్తోందని పిన్నమ్మ సంతోషించింది. చిన్నాయన మందు మోతాదు కొంచెం పెంచాడు. ఏటా ఎండాకాలంలో పెరటి పేడదిబ్బను బండికెత్తించి చేనికి తోలించేవాడు. "అంగట్లో ఎన్ని ఎరువులైనా అమ్ముతాను గాని, మా అమ్మ చేనికి మా ఆవు పేడే" అని చెప్పుకొనేవాడు. మిగిలితే పక్క చేలవాళ్ళకు ఊరికే ఇచ్చేవాడు కూడా.

ఇక ఎనభై ఆరుకు వస్తాను. ఆ ఏడు తై నెలలో, అంటే సంక్రాంతితో మొదలయ్యే తమిళ నెలలో, చిన్నాయన కూతురు హేమావతి పెళ్ళి. పెళ్ళికి ముందు మట్టి పాలికల్లో నవధాన్యాలు చల్లి, ముత్తైదువలు పాలు, నీళ్ళు పోస్తారు. అవి ఎంత పచ్చగా మొలిస్తే అంత శుభం. పిన్నమ్మ పుట్టమన్నులో పెరటి పేడ బాగా కలిపి పాలికలు నింపింది. మూడో రోజుకే సన్నటి మొలకలు పాలిక నిండా లేచాయి. బంధువులంతా చేతులు బుగ్గలకు ఆనించుకున్నారు. ఇంత తొందరగా మొలవడం ఎవరూ చూడలేదు.

పెళ్ళికి మల్లెపూల బుట్టతో చిన్నమ్మాళ్ కూడా వచ్చింది. పిన్నమ్మ పిలిచింది. చిన్నమ్మాళ్ పాలికల ముందు కూర్చుని, ఒక మొలకను రెండు వేళ్ళతో సాగదీసి, బొటనవేలి గోరుతో ఆకు మొదలు తడిమింది.

"జయమ్మా, మీరు తొమ్మిది ధాన్యాలు ఏసినారు. ఇది పదోది" అంది.

"పదోదా? ఏంది పదోది?"

"ఊద. నవధాన్యం ఇంకా నిద్ర లేవనే లేదు."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మగపెళ్ళివాళ్ళ పెద్దావిడ, "మా కోడలికి అప్పుడే సవతిని చూపిస్తాండారే" అని చురక వేసింది. హేమావతి కూడా నవ్వింది. చిన్నాయన మాత్రం నవ్వలేదు. పెళ్ళి బాగా జరిగింది, పాలికల్లో ఆలస్యంగానైనా పెసలు, అలసందలు మొలిచాయి, వాటిని సముద్రంలో కలిపేశారు. ఆయన మనసులో మాత్రం ఆ పదో ధాన్యం అలాగే ఉండిపోయింది.

పెళ్ళి హడావుడి తగ్గిన వారానికి చేలో నాట్లు పడ్డాయి. నాలుగో రోజు మందు చల్లారు. పదిహేనో రోజు చిన్నాయన గట్టు మీద నిలబడి చూస్తే వరి వరుసల మధ్య ఇంకో వరి. అంత ఒత్తుగా. వెంటనే రెండో డబ్బా తెప్పించి మళ్ళీ చల్లించాడు. వరి పసుపుపచ్చగా తిరిగింది. ఊదకు చలనం లేదు. చిన్నాయన వ్యాపారం మీద కోపమొచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. ఆ తర్వాత రెండు రోజులు మార్కెట్టు వీధి ప్రశాంతంగా ఉంది.

ఇంకో నెల గడిస్తే ఊద వెన్ను తీసి గింజ రాలుస్తుంది. రాలిందంటే వచ్చే ఏడు ఆ చేలో ఊద వేసుకొని వరి ఏరుకోవాలి. ఆ చేను అమ్మేయమని ఇటుక బట్టీ ఆసామి ఒకడు అప్పటికే రెండుసార్లు వచ్చిపోయాడు. చిన్నాయన ఇంకెవరికీ చెప్పలేదు గాని, పిన్నమ్మతో అన్నాడట: "ఈ తూరి రాలిందంటే అమ్మేద్దాం జయా. మా అమ్మ చేను గడ్డికి వదిలిపెట్టి చూస్తా కూచోలేను."

చేతులతో తీయించడం ఒక్కటే దారి. తీసేవాళ్ళేరీ? విల్లియనూరు చుట్టుపక్కల కలుపు జట్లన్నీ చెదిరిపోయాయి. అది ఈయన అమ్మిన డబ్బాల పుణ్యమే. కూలికి దొరికిన కొత్తవాళ్ళను ఒక రోజు దింపితే, వాళ్ళు వరి పీకి ఊదను వదిలారు. కళ్ళకు రెండూ ఒకటే మరి. ఇక చిన్నమ్మాళ్ తప్ప గతి లేదు. నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకొని మురుంగపాక్కం వెళ్ళాడు. దారి పొడుగునా మందు డబ్బాలో ఏం కల్తీ జరిగి ఉంటుందో చెబుతూనే ఉన్నాడు.

చిన్నమ్మాళ్ ఇంటి ముందు చాట పట్టుకొని మినుములు చెరుగుతోంది. లేవలేదు.

"రాండి శెట్టియారే. పండు తెచ్చినారా?"

చిన్నాయన తొమ్మిదేళ్ళ కిందటి సంగతి గుర్తుకొచ్చి కొంచెం తడబడ్డాడు. "అది కాదు చిన్నమ్మా. ఈ తూరి మందు సరిగా లేదు. పాతదేమో. నీ జట్టును ఒక వారం పంపిస్తే..."

"మా నడుములకు సెలవు ఇచ్చినారు కదా. సెలవులో పని చేస్తే తప్పు."

"మాట పట్టుకొని ఏలాడొద్దు. మందు పాడైపోయింది, అంతే. వచ్చే ఏడు కొత్త డబ్బా వస్తాది."

చిన్నమ్మాళ్ చాట కింద పెట్టింది. "మందు బాగానే ఉంటాది శెట్టియారే. కలుపే మారిపోయింది. మొదటి ఏడు లచ్చ గింజలు చచ్చినాయి. ఏవో నాలుగు చావలే. చచ్చినదానికి పిల్లలుండరు కదా. చావని నాలుగుకూ పిల్లలు పుట్టినాయి, మనవళ్ళు పుట్టినారు. ఇప్పుడు నీ చేలో ఉండేదంతా ఆ వంశమే. నీ మందు వాళ్ళకు మజ్జిగ."

"గడ్డికి వంశమా? ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురు చెప్పాల? మా మడికి నీ మందు ఎప్పుడూ ఎయ్యలేదు. మా ఊద దానికి చస్తాది. మీ ఊద చావదు. పందెమా?"

పందెం అంటే చిన్నాయన ఆగడు. అక్కడికక్కడే షరతులు కుదిరాయి. ఆమె ఓడితే జట్టు మొత్తం కూలి లేకుండా కలుపు తీస్తుంది. ఆయన ఓడితే, కూలి ఇవ్వడమే కాదు, కలుపు తీసినన్ని రోజులూ ఆయన కూడా వాళ్ళ వరసలో దిగి తీయాలి. పైగా, మందు అడిగిన ప్రతి రైతుకూ నిజం చెప్పాలి. ఈ చివరి షరతు దగ్గర చిన్నాయన జేబులో పెన్నులు సర్దుకోవడం నేను చూశాను. మందు అమ్మేవాడు మందు పనిచేయదని చెప్పడమంటే మాటలా.

పెళ్ళిలో వాడకుండా మిగిలిన పాలికలు మూడు ఇంట్లో ఉన్నాయి. పందెం వాటిలోనే మందేసి తేల్చుకుందామంటే పిన్నమ్మ ఒప్పుకోలేదు.

"శుభానికి తెచ్చిన వాటిలో విషం పోస్తారా? బుద్ధి ఉండేవాళ్ళు చేసే పనేనా?"

"విషం కాదే, మందు."

"మరి నిన్న మీరే లచ్చిమిని ఆ డబ్బా పక్కకు పోనీయొద్దంటిరి?"

చివరికి, వీటికి ముగ్గు పెట్టలేదు గనక తీసుకోండని ఇచ్చింది. ఒకదాంట్లో చిన్నాయన చేని మట్టి, రెండోదాంట్లో చిన్నమ్మాళ్ మడి మట్టి. కలుపు గింజలు ఎలాగూ మట్టిలోనే ఉంటాయి. మూడోది చిన్నమ్మాళ్ చెప్పింది: "కడిగిన ఏటి ఇసక పోసి, మీ పెరటి పేడ కలపండి. ఊరికే చూద్దాం." మూడింటికీ ఒకే కొలత మందు. ఆ కొలత కోసం చిన్నాయన ఇంకు పోసే రబ్బరు గొట్టం తీశాడు. ఆ పెన్నుల వల్ల ఇంట్లో జరిగిన మొదటి ఉపకారం అదే. పాలికలు మూడూ వీధరుగు మీద పెట్టారు. నెల్లితోపులో ఆ దారిన ఆఫీసులకు పోయే ఉద్యోగస్తులంతా సైకిలు దిగి, "ఏంది నాయనా, ఇంకో పెళ్ళా?" అని అడిగిపోయేవాళ్ళు.

చిన్నాయన రోజుకు నాలుగుసార్లు అరుగు మీదికి వచ్చి చూసేవాడు. మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు పొద్దున ఆయనే నన్ను లేపాడు. నాకు చూపించడానికి కాదు, ఒంటరిగా చూడలేక.

చిన్నమ్మాళ్ మడి మట్టి నున్నగా ఉంది. చిన్నాయన చేని మట్టిలో పచ్చటి సూదులు నిలబడ్డాయి. మూడోదాంట్లో, పేడ కలిపినదాంట్లో, ఇంకా ఒత్తుగా ఉన్నాయి. ఏడో రోజుకు చిన్నమ్మాళ్ వచ్చేసరికి మొదటిదీ మూడోదీ పచ్చికబయళ్ళు, రెండోది బోడిగుండు.

చిన్నాయన మూడో పాలికనే చూస్తున్నాడు. "ఇసకలో గింజ యాడిదే? కడిగినాను కదా."

చిన్నమ్మాళ్ పెరటివైపు చూపించింది. సరిగ్గా అప్పుడే లచ్చిమి మేత కోసం అరిచింది. పిన్నమ్మకు నవ్వు ఆగలేదు.

"దానికి ఏటా ఏం పెట్టినారు? చావని ఊద మోపులు. గింజ దాని కడుపులో అరగదు శెట్టియారే, పేడలో బయటికొస్తాది. ఆ పేడ బండ్లకెత్తి మీరే చేనికి తోలినారు. పెళ్ళి పాలికలో కూడా అదే మొలిచింది."

చిన్నాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయి రెండోది మొదలైంది. "ఆరేళ్ళు" అన్నాడు. "ఆరేళ్ళుగా నేనే ఇత్తినానా?"

"ఇత్తి, ఎరువు కూడా ఏసినారు."

"పక్క చేలకు కూడా ఇచ్చినా గదే."

"ధర్మం చేసినారు" అంది చిన్నమ్మాళ్.

మరునాడు పొద్దున అంగడి తలుపుకు తాళం పడింది. ఇరవై ఆరేళ్ళలో పండగ కాని రోజు ఆ తలుపు మూసింది అప్పుడే. పాత జట్టులో పదకొండుమంది వచ్చారు. చిన్నాయన పంచె ఎగ్గట్టి, చొక్కా విప్పి గట్టు మీద పెట్టి (పెన్నులు మాత్రం తీయలేదు), బురదలో దిగాడు. వరసలో ఆయన చోటు చిన్నమ్మాళ్ పక్కన. పదడుగులు పోయేసరికి ఆయన చేతిలో గుప్పెడు గడ్డి. చిన్నమ్మాళ్ దాన్ని అందుకొని విప్పి చూసింది.

"అక్కల్లారా, శెట్టియారు వరిని ఏరి ఊదను కాపాడతాండాడు."

జట్టంతా నడుము నిలబెట్టి నవ్వింది. ఒకామె, "పాపం, ఇన్నేళ్ళు ఊదనే కదా పెంచింది, పాశం ఉంటాది" అంది. చిన్నాయనకు చెమట, సిగ్గు కలిసి కారుతున్నాయి.

చిన్నమ్మాళ్ ఆయన చెయ్యి పట్టుకొని ఒక దుబ్బు మీద పెట్టింది. "కండ్లతో చూడొద్దు. గోరుతో చూడు. ఆకు కాడను కరుచుకునే చోట తడుము. వరికి ఆడ తెల్లగా చిన్న నాలిక ఉంటాది, మీసం మాదిరి నూగు ఉంటాది. ఊదకు ఏమీ ఉండదు, నున్నగా. నాలిక ఉండేది మనది. లేనిది పీకు."

మధ్యాహ్నానికి ఆయన పదింటికి ఏడు సరిగ్గా పట్టాడు. నేను నాలుగు పట్టాను. అది వేరే సంగతి.

మూడో రోజు పదకొండు గంటలప్పుడు గట్టు మీద విల్లియనూరు రైతు ఇరుసప్పన్ కనిపించాడు. చేతిలో గుడ్డసంచి. అంగడి మూసి ఉంటే వెతుక్కుంటూ చేనికే వచ్చాడు. బురదలో చిన్నాయనను చూసి ఒక నిమిషం గుర్తుపట్టలేదు.

"ఏంది వరదరాజులన్నా, వేషం? నాకు నాలుగు డబ్బాలు మందు కావాల. రేపు చల్లాల."

పదకొండుమంది చేతులు ఆగిపోయాయి. ఇరుసప్పన్‌ది పెద్ద చేను, ఏటా అందరికంటే ఎక్కువ డబ్బాలు కొనేది అతనే. చిన్నాయన ఏదో ఒక సాకు చెబితే ఎవరూ ఆపేవాళ్ళు కాదు. చిన్నమ్మాళ్ తల కూడా ఎత్తలేదు. ఆయన చేతిలో అప్పుడే పీకిన దుబ్బు వేర్లతో సహా వేలాడుతోంది.

"ఇరుసప్పా, మా పేడ నీకు ఎన్ని బండ్లు తోలించినా?"

"మూడు. మంచి పేడ."

"ఆ పేడతో మా కలుపు నీ చేనికి కూడా తోలించినా. ఈ ఊద మందుకు చావదు. తప్పు నాదే. నేనే పెంచినా, నేనే పంచినా." గొంతు ఎప్పటిలాగే గట్టిగానే వచ్చింది, పక్క చేలవాళ్ళూ విన్నారు. "డబ్బా కొనేముందు నీ చేని మట్టి ఒక చట్టిలో పోసి, మందేసి, వారం చూడు. మొలకలొస్తే చిన్నమ్మాళ్‌ను పిలుచుకో. రాకపోతే నా దగ్గరికి రా."

ఇరుసప్పన్ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "వారం ఆగితే నాటు ముదిరిపోతాది అన్నా."

"ముదరనీ. ఆరేళ్ళు ముదిరింది నా చేలో."

ఇరుసప్పన్ వెళ్ళాక చిన్నమ్మాళ్ ఆయన చేతిలోని దుబ్బును గోరుతో తడిమి అంది: "బాగానే చెప్పినావు. ఇంద, ఇది వరి. మళ్ళీ నాటు."

ఆరు రోజులు పట్టింది. పీకిన ఊద ఒక్క పోచ కూడా లచ్చిమికి పోలేదు. అంతా చేనికి దూరంగా ఒక గుంటలో వేసి మట్టి కప్పారు. లచ్చిమి రెండు వారాలు అలిగి పాలు తగ్గించింది. పిన్నమ్మ ఆ కోపం చిన్నాయన మీద చూపించింది. చిత్తిరైలో, అంటే ఏప్రిల్ దాటుతుండగా, కోత కోస్తే దిగుబడి కిందటేటి కంటే రెండు బస్తాలు తక్కువ. కాని గింజ రాలకముందే చేలో ఊద ఖాళీ అయింది. మందుకు మాడిన వరి అంత పండటమే గొప్ప. ఇటుక బట్టీ ఆసామి మూడోసారి వచ్చాడు. చిన్నాయన అతనికి టీ ఇప్పించి, ఇటుకలు ఎలా కాలుస్తారో వివరంగా అడిగి తెలుసుకొని, పంపించేశాడు.

ఇప్పుడు ఆ అంగడికి వెళ్తే మందు అడిగినవాడికి డబ్బా వెంటనే ఇవ్వడు. బల్ల మీద ఒక పాలికలో వరి మొలక, ఊద మొలక పక్కపక్కన పెట్టుకొని ఉంటాడు. "ఏది వరో గోరుతో చెప్పు" అంటాడు. చెప్పలేనివాడికి ఒక పాఠం. ఒక ఏడు మందు, ఒక ఏడు చేతులు, పేడ మాత్రం బాగా మాగినాకే, అని తన సొంత పద్ధతి ఒకటి తయారు చేసుకున్నాడు. దాన్ని తనే కనిపెట్టినట్టు చెబుతాడు. చిన్నమ్మాళ్ జట్టు ఇప్పుడు ఇరవైమంది. ఏటా ఆమె మార్కెట్టుకు వచ్చినప్పుడు ఆ అంగట్లో ఒక అరటిపండు తింటుంది. తొక్క బల్ల మీదే పెడుతుంది.

పందెం జరిగిన మరుసటేడు నాట్లకు ముందు చిన్నాయన చేని మట్టి మళ్ళీ ఒక పాలికలో పోసి, రబ్బరు గొట్టంతో మందు కొలిచి, అరుగు మీద పెట్టాడు. వారానికి ఏడంటే ఏడు మొలకలు వచ్చాయి. కిందటేడు లెక్కపెట్టడానికి వీల్లేనంత ఉండేవి. చిన్నమ్మాళ్‌కు కబురంపించి, ఆమె ముందే ఏడింటినీ గోరుతో తడిమి, ఒక్కొక్కటే పీకి అరుగు మీద పరిచాడు. ముఖం వెలిగిపోతోంది.

చిన్నమ్మాళ్ వాటిని వంగి చూసింది. రెండు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఐదే ఊద శెట్టియారే" అంది. "ఈ రెండూ వరి."